ఎండుతామరల తల్లి మాట పడే రోజు

తుంగవలసలో బీల అని పిలిచే తామర మడుగు గట్టున ఉన్న ఈ గుడికి తాజా పువ్వు తేవద్దు. బస్సు దిగిన చోటే ఆ మాట బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అయినా ఏటా సగం మంది భక్తులు తడి తామరలు దోసిట పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, వెనక్కి పంపితే అలుగుతారు. ఇక్కడి అమ్మవారు ఎండుతామరల తల్లి. గర్భగుడి కప్పు కింద కట్టిన తాళ్ళకు తలకిందులుగా వేలాడే తామరలే ఆమెకు అలంకారం. తెల్లవారుజామున బీలలో కోసిన పువ్వును ఎండ పొడ తగలకుండా పదిహేను రోజులు నీడన ఆరబెట్టి, రేకులు వేరుగా, కేసరాలు వేరుగా తీస్తారు. రేకుల కషాయాన్ని ఒంటి వేడికి, దాహానికి ప్రసాదంగా ఇస్తారు. కేసరాలు మాత్రం మంత్రసానుల వంశం వారి చేతికే వెళ్తాయి.

బస్టాండు దగ్గర గులాబీ రంగు పొట్లాలలో అమ్మే 'అమ్మవారి తామర టీ', ముఖానికి రాసుకునే పొడి ఈ గుడివి కావు. అవి డాబాల మీద మండుటెండలో మాడ్చి, రంగునీళ్ళు చల్లిన రేకులు. వాటికన్నా గడ్డి నయం, పశువైనా తింటుంది. కమిటీ ఎన్నిసార్లు చెప్పినా అమ్మేవారూ మానలేదు, కొనేవారూ మానలేదు. ఎండుతామరను వేళాకోళంగా చూసేవారు ఈ స్థలం కథ ఒకసారి చదవాలి.

పూర్వం ఇక్కడ అసిరమ్మ అనే మంత్రసాని ఉండేది. చుట్టుపట్ల పన్నెండు ఊళ్ళకు ఆమె చెయ్యే దిక్కు. తామరలు విరగబూసే కాలంలో తాటిదోనె మీద బీలలోకి పోయి, రోజుకు ఒక బుట్ట పువ్వులు కోసుకొచ్చి అటక మీద ఆరబెట్టుకునేది. ఎండిన కేసరాలను నూరి వెన్నలో కలిపి ఇస్తే, కాన్పు తరువాత ఆగని రక్తం కట్టుకునేదని చెబుతారు. పూలు ఉండేది నాలుగు నెలలు. కాన్పులకు కాలంతో పని లేదు. అందువల్ల అటక నిండితేనే అసిరమ్మకు కంటి నిండా నిద్ర.

ఆ కాలంలో ఈ సీమకు ఉద్దండ భూపతి దొర. దొరసానికి నెలలు నిండుతుండగా ఆయనకు ఒక కల వచ్చిందట. లక్ష తామరలతో పూజ చేస్తే కొడుకు పుడతాడని అమ్మవారు కలలో చెప్పిందట. నిజంగా వచ్చిందో లేదో అడిగే దమ్ము ఎవరికుంది? దొర కల అంటే శాసనమే. నలభై రోజుల పాటు బీలలో పూసిన ప్రతి పువ్వూ గుడికే రావాలని, మరొకరు ఒక్క పువ్వు కోసినా చెయ్యి నరుకుతామని దండోరా వేయించాడు. గట్టు పొడవునా బంట్లను కాపలా పెట్టించాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మంత్రసాని ఇంట తామరలున్నాయని ఎవరో చెవిన వేశారు. బంట్లు వచ్చి అటక మీది బుట్టలు దించి చూశారు. అప్పటికి అసిరమ్మ కూతురు నీలమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది.

"బావూ, అవి పూజ పువ్వులు కావు, పురిటి మందు. నా పిల్లకి నెలలు నిండినాయి. ఒక్క బుట్ట ఒగ్గేయండి" అని అసిరమ్మ కాళ్ళు పట్టుకుంది.

"ఏటే ముసిల్దానా, వాడిపోయిన పువ్వులు, అందునా పురిటోళ్ళ కొంపలోవి! అమ్మోరి బీల కాడ ఈ మైల ఉంచుతావా?" అని వారు బుట్టలన్నీ పట్టుకుపోయి బురదలో తొక్కేశారు.

పూజకు పనికిరావని వారే అన్నారు. పనికొచ్చే చోటికి పోనివ్వకుండా పాడు చేసిందీ వారే. తాను తినడు, ఒకరిని తిననివ్వడు అనే సామెత ఇటువంటి వారిని చూసే పుట్టింది.

ముప్ఫయ్యో రోజున నీలమ్మ మగపిల్లవాణ్ణి కన్నది. రక్తం ఆగలేదు. పన్నెండు ఊళ్ళ ఆడవాళ్ళను బతికించిన చేతులు కన్నకూతురి దగ్గర ఉత్తచేతులై కూర్చున్నాయి. పొద్దు వాలకముందే నీలమ్మ పోయింది. గుడిలో ఆ రోజు రెండున్నర వేల తామరలు వేసి మంగళవాద్యాలు మోగించారు. ఆ మోత అసిరమ్మ ఇంటి దాకా వినబడింది. అసిరమ్మ ఏడవలేదు. ఆమెకు వచ్చింది కోపం, అది ఏడుపును దగ్గరకు రానివ్వలేదు.

నలభయ్యో రోజున, లక్ష పూర్తయిన పూటే, దొరసానికి నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. రక్తం ఆగలేదు. దొర పల్లకీ పంపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మంత్రసాని అప్పుడు గుర్తొచ్చింది.

"నా మందు బురదలో ఉంది. పోయి మీ దొరనే ఏరుకోమను" అంది అసిరమ్మ. తలుపు వెయ్యబోయి ఆగింది. కోటలో పడి ఉన్నది దొర కాదు, పదిహేడేళ్ళ పిల్ల. నీలమ్మ ఈడుది. తన మీద తనకే మండుకొచ్చి, పల్లకీ ఎక్కకుండా గుడి వైపు నడిచింది.

గుడి వెనుక ఎండలో నిర్మాల్యం కుప్ప పోసి ఉంది. చేతులు పెట్టి కెలికితే కుళ్ళి ఆవిర్లు కక్కుతోంది. ఒక్క కేసరం దక్కలేదు. అర్చకుడు అడ్డుపడుతున్నా నెట్టుకుని లోపలికి పోయింది. పీఠం వెనుక, వెలుతురు సోకని మూల, జారిపడిన తామరలు మోకాలెత్తున పేరుకుని ఉన్నాయి. ఒకటి తీసి నలిపి చూసింది. నీడన చక్కగా ఎండి ఉంది, రంగు పోలేదు, వాసన పోలేదు. అమ్మవారే దాచి ఉంచిందని కొందరంటారు. అర్చకుడు బద్ధకించి నలభై రోజులు ఆ మూల ఊడవలేదని అసిరమ్మ వంశం వారంటారు.

ఆమెకు అప్పుడు తెలిసింది. నీలమ్మ పోయిన పూట కూడా ఆ పువ్వులు అక్కడే ఉన్నాయి. చెత్తగా పడి ఉన్నాయి. పురిటి మైల అనకుండా తనను గుళ్ళో అడుగు పెట్టనిచ్చి ఉంటే పిల్ల బతికేది.

అసిరమ్మ విగ్రహానికి ఎదురుగా నిలబడింది. "ఏటమ్మా, కడుపు నిండినాదా? లచ్చ పువ్వులు నెత్తికెక్కించుకున్నావు. నీ ఎనకాల నా పిల్ల పేణం మూల పడుంటే సూడనేదా? ఆడికి కల్లోకొచ్చి సెప్పిన దానివి, నా గుమ్మంలోకొచ్చి ఒక్క మాట సెప్పడానికి నీకు కాళ్ళు నేవా? నువ్వూ ఒక ఆడదానివేనా?"

అంతవరకు నిటారుగా చూసే అమ్మవారి తల, ఆ మాటలకు కిందికి వాలిందని పెద్దలు చెబుతారు. నేడు మనం దర్శించే విగ్రహం అదే.

అసిరమ్మ ఒడి నిండా పువ్వులు తీసుకుపోయి దొరసానిని బతికించింది. దొర మెడలోని పతకం తీసి ఇవ్వబోతే చూడను కూడా చూడలేదు. ఇక మీదట ఈ గుమ్మం లోపలికి తడి పువ్వు రాకూడదని, కోసిన ప్రతి పువ్వూ మందుకు ఎండాలని, ఏడాదికొక రోజు తాను వచ్చి అమ్మవారిని నిలదీస్తే దొర కూడా పక్కన నిలబడి వినాలని చెప్పింది. దొర నిలబడ్డాడు, వేరే దారి లేదు.

ఇప్పటికీ కార్తీకమాసంలో చివరి మంగళవారం ఈ గుడిలో గంట మోగదు, డప్పు మోగదు. అసిరమ్మ వంశపు ఆడపడుచు గుమ్మంలో నిలబడి, ఆ ఏడు చుట్టుపట్ల ఊళ్ళలో కాన్పులో పోయిన తల్లుల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి, ఒక్కొక్క పేరుకూ అమ్మవారిని కడిగేస్తుంది. పెద్దమనుషులు, అధికారులు తలలు దించుకుని వినాలి. గత ఏడాది రెండు పేర్లు. ఒకామెది కొండ మీది ఊరు, రోడ్డు లేక డోలీలో తెస్తుంటే దారిలోనే పోయింది.

భక్తులకు రెండు మనవులు. రక్తం పోతుంటే కషాయం పట్టుకుని ఇంట కూర్చోకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. కేసరాలే దిక్కయిన రోజులు పోయాయి, ఆలస్యం చేస్తే అమ్మ కూడా కాపాడదు. రెండోది, ఇక్కడ కొడుకు కోసం మొక్కు చెల్లదు. ఆ మంగళవారం ఆడపడుచు గుమ్మమెక్కి, చెప్పడానికి ఒక్క పేరూ లేక ఊరకే దిగిపోయే ఏడు రావాలని మొక్కుకోండి. ఆ ఏడు ఇంతవరకు రాలేదు.