కుడిచేతిలో పిల్ల, ఎడమచేతిలో పులి

ఆ ఊళ్ళో తోలుబొమ్మలాటకు ఒక కట్టుబాటు ఉంది. మగవాళ్ళూ, చిన్నపిల్లలూ తెర ముందు కూర్చుంటారు. ఆడపిల్ల కాస్త ఎదిగిందంటే లేచి తెర వెనక్కి వెళ్ళాలి. దీపంలో ఆముదం పొయ్యాలి, వత్తి ఎగదొయ్యాలి, ఆటపెద్ద అడిగిన బొమ్మ అందియ్యాలి. పెళ్ళయ్యేదాకా అదే పని. పెళ్ళయ్యాక ఆటకు వచ్చే తీరికెక్కడిది?

తెర ముందు కూర్చునే ఆడమనిషి ఊరంతటికీ ఒక్కతే, బొమ్మలు చేసే ఆమె. తోలు గోకి, చిల్లులు పొడిచి, రంగులద్దిన బొమ్మ ఎలా కనబడుతుందో ముందు నుంచి చూస్తేనే తెలుస్తుంది కనుక ఆమెకు అక్కడ పీట వేశారు. ఆ పీట మీద ఎన్నాళ్ళుగా కూర్చుంటోందో ఆమెకే గుర్తు లేదు.

ఆమె కూతురు పోయినేడాది దాకా ముందు వరసలో కూర్చుని బొమ్మలతో పోట్లాడేది. "ఒరేయ్ రాక్షసుడా, వెనక్కి చూసుకోరా!" అని అది అరిస్తే జనం ఆట చూడడం మానేసి దాన్ని చూసి నవ్వేవాళ్ళు. తెర వెనక్కి వెళ్ళిన నాటి నుంచి ఆ నోరు మూతపడింది. ఏమడిగినా తలూపడమే. ఇంట్లో పిల్ల తిరుగుతున్నా అలికిడి లేదు. తల్లికి బెంగపట్టుకుంది. దీనికి ధైర్యం నేర్పే బొమ్మ ఒకటి చేస్తాను, దీని గొంతు దీనికి తెచ్చిపెడతాను అనుకుంది. ఆమె చేతిలో ఉన్న విద్య అదే మరి.

ఆటపెద్ద దగ్గరికి వెళ్ళింది. "పెద్దయ్యా, ఎదిగే ఆడపిల్లల కోసం ఒక ఆట కట్టాలి. పిల్లే పులిని చంపాలి."

"ఓస్, అంతేనా? భేషుగ్గా ఆడిద్దాం" అన్నాడు ఆటపెద్ద. మంచివాడే. అడిగిందానికి ఏనాడూ కాదనలేదు.

ఆమె తిండీ నిద్రా మరిచి బొమ్మ చేసింది. బిగించిన జడ, ఎత్తిన గడ్డం, చేతిలో బరిసె. ఆట నాటి సాయంత్రం ఆ పిల్ల తెర మీదికి దూకి, "నాకు భయం లేదు!" అని గర్జించి పులిని పొడిచింది. జనం ఈలలు వేశారు. తలపండిన పెద్దలు కళ్ళు ఒత్తుకున్నారు. "ఇక మన ఆడపిల్లలకు తిరుగులేదు" అని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

ఆమె గుండె ఉప్పొంగింది. పీట మీద నుంచి లేచి తెర వెనక్కి పరుగెత్తింది. కూతురు ఆముదం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"చూశావా? పులిని ఎట్లా చంపిందో చూశావా?"

"ఆటపెద్ద తాత చంపించాడు" అంది కూతురు.

"కథలో తాత ఎక్కడున్నాడే?"

"పిల్లబొమ్మ వీపున కట్టిన పుల్లలు కుడిచేతిలో, పులి పుల్లలు ఎడమచేతిలో పట్టుకున్నాడు. కుడిచెయ్యి లాగుతోందని మధ్యలో అటుదిటు మార్చుకున్నాడు కూడా. ఆ గర్జనా తాతదే." పిల్ల వత్తి ఎగదోసింది. "నువ్వూ చిన్నప్పుడు ఇక్కడే నిలబడ్డావు కదమ్మా. నీకు తెలీదా?"

ఆమె చుట్టూ చూసింది. నిజమే, ఇదే దీపం, ఇదే ఆముదం వాసన. ఎలా మరిచిపోయింది? పొగ చూరిన ఆ మూల నిలబడ్డ ఆడపిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు. తెర వెనక్కి వచ్చాక వాళ్ళెవరికీ తెర మీద బొమ్మ ఏనాడూ కనబడలేదు. కనబడిందల్లా పట్టుకున్న చేతులే. సిగ్గుతో ఆమె తల దించుకుంది.

తెల్లారగానే మళ్ళీ ఆటపెద్ద గుమ్మంలో నిలబడింది. "పుల్లలు పిల్లలకే ఇవ్వు పెద్దయ్యా."

"ఇస్తాను, దానికేం! పులిని నేను పట్టుకుంటాను. ఏం పలకాలో నువ్వు నేర్పు, ఎప్పుడు పొడవాలో నేను చెబుతాను" అన్నాడతను. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. చెప్పడానికి బాధగా ఉంది కానీ, ఒప్పుకుంది.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా వచ్చింది. తెర మీద పులి తోక ఆడిస్తోంది. దానికి ఎదురుగా బరిసె పట్టిన పిల్లబొమ్మ, కూతురి చేతిలో, కదలకుండా నిలబడింది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. తల్లి తట్టుకోలేక పీట మీద నుంచి లేచి, చెయ్యెత్తి, "చెప్పవే! నాకు భయం లేదని చెప్పు!" అని కేకేసింది.

బొమ్మ మెల్లగా కిందికి దిగిపోయింది. ఆ వెంటనే తెర మీద వెలుగు కూడా పోయింది.

కూతురు దీపం ఎత్తుకుని తెర పక్క నుంచి బయటికి వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. పెద్దల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, అందరి వెనకా ఉన్న అరుగెక్కి, దీపాన్ని తలకంటే ఎత్తుగా పట్టుకుంది.

జనం నిర్ఘాంతపోయారు. తర్వాత లేచారు. చేతులు విసిరారు, వేళ్ళు చూపించారు, అరిచారు. వాళ్ళ నీడలన్నీ వెళ్ళి తెర మీద పడ్డాయి. పెద్ద పెద్ద తలపాగాలు, ఊగే చేతులు, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న నోళ్ళు.

తెర వెనక ఆడపిల్లల్లో ఎవరో పక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. తెర వెనక్కి వెళ్ళాక వాళ్ళకు ఆట కనబడడం అదే మొదలు.

"ఒసేయ్, వీళ్ళ పుల్లలు ఎవరి చేతిలో ఉన్నాయే?" అని లోపల ఒక పిల్ల గొంతు ఆశ్చర్యంగా అడిగింది.

అరుపులు ఆగిపోయాయి. బొమ్మలు చేసే ఆమె తెర వంక చూసింది. అందరి నీడల మధ్యా తన నీడ ఉంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

ఆమె మెల్లగా చెయ్యి దించి, వెనక్కి పోనిచ్చి, తన వీపు తడుముకుంది.