ముళ్లవ్వ ఇంటికి వెనక ద్వారం

పొగమంచు దిగితే గుట్ట ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని అడవి ఒకటుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ వాసనకి చెట్లు కూడా నిలబడే కునుకు తీస్తాయంటారు. నేనైతే నమ్ముతాను. ఆ గుట్ట పొట్టలో ముళ్లవ్వ అనే ముసలి ముళ్లపంది ఉండేది. వయసులో ఉండగా తానూ మొగుడూ గోళ్లతో తవ్వుకున్న ఇల్లది. ముందు ఇరుకు దారి, దాన్ని పట్టుకుని గదులు, అన్నిటికన్నా లోపల ఓ పెద్ద గది. మొగుడు కాలం చేశాడు. గదులు మిగిలాయి.

అవ్వకో అలవాటు. ఇంట్లోకి ఎప్పుడూ వెనక్కి నడుస్తూ దూరేది. మొహం మంచు వైపు ఉంటే గానీ ఆవిడకి నిద్ర పట్టదు.

ఇల్లు పెద్దదే, కడుపే ఖాళీ. పళ్లు అరిగాయి, గోళ్లు మొద్దుబారాయి. దుంప తవ్వుదామంటే నేల మాట వినడం లేదు. ఆకలిని నిద్రతో కప్పేసి, పొద్దస్తమానం కలలు కంటూ గుమ్మంలో పడుండేది.

ఓ సాయంత్రం గబ్బిలాల పెద్దమ్మ వచ్చి గుమ్మానికి తలకిందులుగా వేలాడింది.

"అవ్వా, మా గుహ కప్పు కూలింది. నీ లోపలి గది అద్దెకిస్తావా? రోజూ పళ్లు తెచ్చి పెడతాం."

"దానికేం తల్లీ, రండి."

"వద్దామనే ఉంది. కానీ ఈ దారి మరీ ఇరుకు, మా రెక్కలు పట్టవు. గుట్ట అవతలికి ఓ ద్వారం తవ్విస్తావా?"

అవ్వ తన గోళ్లకేసి చూసుకుంది. "అంత ఓపికే ఉంటే దుంపలు తవ్వుకునేదాన్ని కదమ్మా" అంది. గబ్బిలం నిట్టూర్చి ఎగిరిపోయింది.

పొదచాటు నుంచి నక్క ఇదంతా విన్నది. మర్నాడు పొద్దున్నే ఓ బలిసిన దుంప పట్టుకుని గుమ్మంలో దిగింది. ఊరక రారు మహానుభావులు!

"ఎంత చిక్కిపోయావవ్వా! ఇంత ఇల్లు పెట్టుకుని పస్తులేంటమ్మా? చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది."

"ఇల్లు కొరుక్కు తింటామా నాయనా?"

"తినొచ్చు! ఆ కిటుకు చెప్పడానికే వచ్చా. రోజూ ఓ దుంప తెచ్చి నీ గుమ్మంలో పెడతా. బతికున్నంత కాలం ఇల్లు నీదే. నీ తర్వాతే నాది. నువ్వు కట్టాల్సింది ఏమీ లేదు."

అవ్వ కళ్లు మెరిశాయి. పాపం, ఆకలి మరి. "ఏమీ లేదా?"

"దుంపకి గుప్పెడు చొప్పున నీ గోడలో మట్టి నాదవుతుంది, అంతే. ఆ మట్టి అమావాస్యకోసారి పిల్లలు పెడుతుంది."

"మట్టి పిల్లలు పెట్టడమేంట్రా?"

"నా మట్టి పెడుతుంది. ఆ పిల్లలు మళ్లీ పిల్లలు పెడతాయి. నీకెందుకవ్వా, ఆ పురుళ్లన్నీ నేను చూసుకుంటాగా!"

"ఒంట్లో బాగోక మా చెల్లెలి గుట్టకి పోయి ఉండాల్సొస్తే?"

నక్క తోక సర్దుకుంది. "అప్పుడు ఇల్లు ఖాళీ చేసినట్టే కదా. ఖాళీ ఇల్లు నాది."

"గబ్బిలాలకి అద్దెకిద్దామనుకున్నాను."

"ఛీ ఛీ! తలకిందుల జాతి. ఇల్లంతా తలకిందులు చేసి పోతాయి. ఇదిగో, ఈ దుంప బయానాగా ఉంచు. రేపొస్తా."

నక్క వెళ్లాక అవ్వ దుంపని వాసన చూసింది. నోరూరింది. కొరకబోయి ఆగింది. అప్పు చేసి పప్పు కూడు తినేవాళ్లంటే వాళ్లమ్మకి ఒళ్లు మంట. దుంపని పక్కన పెట్టుకుని, ఆకలితోనే కునుకు తీసింది.

కలలో ఆ దుంప తియ్యగా ఉంది. ఒక్కో ముక్కా కొరుకుతుంటే గుట్టలో చప్పుడు లేకుండా ఏదో కరుగుతోంది. వానాకాలంలో తానూ మొగుడూ ముళ్లు ముడుచుకుని పడుకున్న మూల ఉందే, అది తెల్లగా, పాలపొంగులా లేచి గాల్లో కలిసిపోయింది. ఇంకో దుంప. ఇంకో గది. చివరికి గుమ్మం ఒక్కటే మంచులో తేలుతోంది, అందులో అవ్వ. "ఇల్లు నీదేగా అవ్వా!" అని ఎవరో నవ్వుతున్నారు.

అవ్వ ఏడుస్తూ లేచింది. గోడ తడిమి చూసుకుంది. ఉంది. అమ్మయ్య!

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటే ఏమో అనుకున్నాను" అని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు నక్క రాగానే అవ్వ ఆవులిస్తూ ఎదురెళ్లింది.

"చూడకుండా బేరమేంటి నాయనా? లోపలి గదే అసలు గది. ముందు వెళ్లి చూసుకో."

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాం. ఈ నక్క తినకముందే లెక్కకి దిగింది. పొట్ట ఈడ్చుకుంటూ ఇరుకు దారిలో దూరి, పెద్ద గదిలో పడి "ఆహా!" అంది.

అవ్వ తన అలవాటు ప్రకారం వెనక్కి నడుస్తూ దారిలో దూరింది. మంచుకేసి చూసింది. ముళ్లు విప్పుకుని హాయిగా పడుకుంది.

"చూశానవ్వా! కాస్త జరుగు!"

గుర్ర్…

"అవ్వోయ్! ముక్కులో గుచ్చుకుంది!"

గుర్ర్…

నిజంగా నిద్రపోయిందా అంటారా? నేనడగలేదు. ముళ్లున్నవాళ్లని లేపి అడిగే ధైర్యం నాకు లేదు.

నక్క బతిమాలింది, తిట్టింది, ఊళ పెట్టింది. చివరికి గత్యంతరం లేక వెనక గోడ మీద పడింది. పొద్దు వాలేదాకా తవ్వింది. గోళ్లు అరిగాయి, నోటినిండా మట్టి. ఎట్టకేలకు గోడ తెగి, పసుపురంగు ఎండ గదిలోకి జారింది. నక్క ఆ కన్నంలోంచి అవతలికి దొర్లింది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా అవ్వ! గుట్ట చుట్టూ తిరిగి, బయానా దుంపని దొర్లించుకుంటూ వచ్చేసింది. పైన ఆకాశం నిండా గబ్బిలాలు.

"భలే తవ్వావు నాయనా! గుండ్రంగా, రెక్కలకి సరిపడా. ఇదిగో, నీ కూలి" అంటూ ఆ దుంపని దాని ముందుకి నెట్టింది.

నక్క తన అరిగిన గోళ్లకేసి చూసుకుంది. దుంప కరుచుకుని కుంటుకుంటూ మంచులోకి పోయింది.

ఆ రోజు నుంచి అవ్వ గుమ్మంలో పొద్దున్నే మేడిపండ్లు, జామపండ్లు ఉండేవి. అరిగిన పళ్లకి సరిపోయేలా మెత్తగా మగ్గినవి. కడుపునిండా తిని, లోపలి గదిలో గబ్బిలాల రెక్కల చప్పుడు వింటూ ఆవిడ మంచు వైపు తిరిగి నిద్రపోయేది. ఇప్పుడా కలల్లో గదులన్నీ ఉండేవి, మొగుడితో సహా.

ఇల్లు కరిగించుకు తినే ముందు, ఇంట్లో ఖాళీగా ఉన్న గదిని ఓ మాట అడగాలి.