పేరడిగిన తల్లి

నాగావళి ఒడ్డున సీతన్నవలస మెట్ట మీద, రేకుల కప్పు కింద, నిలువెత్తు నల్లరాయి రూపంలో అమ్మవారు వెలసి ఉన్నారు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. అయినా మాఘమాసపు ఆదివారాల్లో ఇక్కడ కాలు పెట్టడానికి సందుండదు. వచ్చేవారిలో నూటికి ఎనభైమంది ఆడవారే.

పూర్వం ఇక్కడ ఈ తల్లిని అందరూ మెట్టమీది అమ్మ అనేవారు. పూర్వమంటే కృతయుగమనుకునేరు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నాలుగేళ్లయింది. ఇరవయ్యొక్కేళ్లు నిండిన ప్రతివారికీ మొట్టమొదటిసారి ఓటు ఇవ్వబోతున్న ఏడాది అది.

ఓటర్ల జాబితా రాసే గుమాస్తా ఊరికి వచ్చాడు. మగవారు వరసగా పేర్లు చెప్పారు. ఆడవారు మాత్రం కిత్తయ్య పెళ్లాన్నని ఒకరు, సూరన్న తల్లినని ఒకరు చెప్పి ఊరుకున్నారు. పరాయి మగవాడికి ఆడది తన పేరు చెబితే మగని ఆయుష్షు తరుగుతుందని వారి నమ్మకం. అలాంటివి పేర్లుగా చెల్లవని పైనుంచి ఉత్తర్వు వచ్చిందనీ, మర్నాడు పొద్దుగూకేలోగా చెప్పకపోతే ఊళ్లోని అరవైమంది ఆడవారినీ జాబితాలోంచి కొట్టేయక తప్పదనీ గుమాస్తా మొత్తుకున్నాడు.

కిత్తయ్య భార్యకు ఓటు వేయాలని ప్రాణం కొట్టుకుపోతోంది. జమీందారు ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన ఊళ్లో, ఆయనకూ ఒకటే ఓటు, తనకూ ఒకటే ఓటని విన్న నాటినుంచి ఆమెకు కాలు నిలవడం లేదు. కానీ మగడేమో పది రోజులుగా చలిజ్వరంతో మంచం పట్టాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది ఆమె పని. మర్నాడు మధ్యాహ్నం చోడిచేను కాపలాకు వెళ్లి, మగణ్ణి బతికించమని అమ్మ రాయి ముందు ఏడ్చి, ఆ నీడనే కునుకు తీసింది.

అమ్మ కలలోకి వచ్చి, "ఎవుల్తివే నువ్వు?" అని అడిగింది.

"కిత్తయ్య పెల్లాన్ని తల్లీ."

"కిత్తయ్యొచ్చి అడిగినప్పుడు సూద్దుం. ఇప్పుడు అడుగుతున్నది ఎవుల్తి?"

ముప్పై ఏళ్లుగా పలకని పేరు. చివరకు "దాలమ్మని" అంది.

అమ్మ నిట్టూర్చింది. "మీ ఊరి ఆడోళ్ల వరాలన్నీ ఎవులికియ్యాలో తెలీక నా ఒళ్లోనే ఉండిపోనాయే. ఎల్లి సెప్పుకో."

దాలమ్మ మెట్ట దిగి, వీధిలో బల్ల వేసుకుని కూర్చున్న గుమాస్తా దగ్గరకు తిన్నగా వెళ్లి, ఊరంతా వినేలా పేరు చెప్పింది. కిత్తయ్య ఎదురరుగు మీద దుప్పటి కప్పుకుని ఎండ కాచుకుంటున్నాడు. ఇప్పుడో ఇంకాసేపటికో ఒరిగిపోతాడని జనం అతని వంకే చూస్తూ నిలబడ్డారు. కిత్తయ్య భార్యను ఎగాదిగా చూశాడు.

"ఆకలేస్తంది. గెంజి కాసిస్తావేటి, దాలమ్మా?" అన్నాడు.

పెళ్లయ్యాక అతను ఆ పేరు పలకడం అదే మొదలు. దాలమ్మ సంతోషం పట్టలేక నడివీధిలోనే ఏడ్చేసింది. పొద్దుగూకేలోగా తక్కినవారంతా పేర్లు రాయించుకున్నారు. ఒక ముసలామె తన పేరు మరిచిపోతే, ఆమె ఈడువారు కూడబలుక్కుని గుర్తుచేశారట.

నేటికీ ఇక్కడ గోత్రం అడగరు. ఫలానావారి ధర్మపత్నినంటే పూజారి హారతి వెలిగించరు. ప్రతి స్త్రీ గడప దగ్గర నిలబడి తన పేరు తానే ముమ్మారు గట్టిగా చెప్పుకోవాలి, మగవారు అందించకూడదు. అలా చెప్పుకున్నవారి కోరిక దారి తప్పకుండా వారికే చేరుతుందని పెద్దల మాట. కొత్తకోడళ్లు మొదట సిగ్గుపడి గొణుగుతారు. వినబడలేదని వరసలో వెనుకనున్న అత్తగార్లే కేకవేస్తారు.