ఎడమ మూత మీద రవ్వ

యజ్ఞన్న గారిని ఎవరేమి అడిగినా ముందు మృదంగం తెమ్మంటారు. జవాబు ఆ తర్వాతే. కొందరికి అదీ దక్కదు.

అమలాపురంలో ఆయన వీధి అరుగు మీదికి ఒక ఉదయం శిష్యుడు త్రిమూర్తులు వచ్చి చతికిలపడ్డాడు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, గుండె గొడవ తెచ్చి మృదంగం గురువుకు విన్నవించుకున్నాడు. కొన్నాళ్లుగా అతని గుండె లయ తప్పుతోంది. మొన్నటి కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం మధ్య కళ్లు తిరిగి చేయి ఆగిపోయింది. ఇంకోసారి అలా అయితే పక్కవాద్యానికి పిలిచేవాళ్లుండరు. డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. పూట తప్పకుండా మాత్రలు మింగడం ఒకటి. తొడ దగ్గర నరంలోంచి సన్నని తీగ పంపి, గుండెలో తప్పుడు దెబ్బ పుట్టే చోటును కాల్చడం ఇంకొకటి. అది చేయించుకున్నా కొంతకాలం మాత్రలు తప్పవు, జబ్బు మళ్లీ రాదన్న హామీ లేదు. ఆలోచించుకుని రమ్మన్నారు.

“ఏది మేలంటారు గురువు గారూ?” అన్నాడు త్రిమూర్తులు. తీగ మాట తలచుకుంటేనే అతనికి ఒళ్లు చల్లబడుతోంది. మాత్రలే మేలని గురువు నోట వినాలని వచ్చాడు, అంతే.

“మృదంగం తెచ్చావుగా. రవ్వ పెట్టు,” అన్నారాయన.

మృదంగం కుడి మూత మీద నల్లటి మచ్చలా కనిపించే కరణి పూత ఒకసారి వేయిస్తే చాలాకాలం ఉంటుంది. ఎడమ మూత సంగతి అలా కాదు. వాయించబోయే ముందల్లా తడిపిన రవ్వ ముద్ద అద్దాలి, వాయించాక గీకి తుడవాలి. లేకపోతే అది ఎండి తోలును పాడుచేస్తుంది. శిష్యరికంలో అందరికన్నా ముందు నేర్పేది ఇదే.

త్రిమూర్తులు గవుసెన విప్పాడు. ఎడమ మూత మీద మొన్నటి కచేరీ రవ్వ పెచ్చుకట్టి ఉంది.

“మొన్న ఒంట్లో బాగోలేదు కదండీ,” అన్నాడు.

“దాని కిందదో?”

కింద అంతకుముందు కచేరీది కూడా ఉంది. త్రిమూర్తులుకు సిగ్గేసింది. గోటితో పెచ్చు లేపబోయాడు. గురువు అతని చేయి పట్టుకుని ఆపారు.

“ఉండనీరా. ఆ డాక్టరు గారికి గుండె ఒక్కటే చూపించావా? పూట తప్పకుండా మాత్రలు వేసుకోవాల్సింది ఈ చేత్తోనేగా, ఈ మూత చూపించలేదూ?”