జల్లెడ తల్లి కొండ

దక్షిణ చైనాలో ఊలాంగ్ టీ పండే కొండల నడుమ, మంచు దిగే వాలు మీద జల్లెడ తల్లి ఆలయం ఉన్నది. అమ్మవారి చేతిలో ఆయుధం లేదు, వెదురు జల్లెడ ఉన్నది. ఒడిలో ఒక చిన్నబిడ్డ. కొన్ని ఊళ్లలో ఆ బిడ్డను మగపిల్లవాడని చెబుతారు. విగ్రహానికి జడ కనిపిస్తున్నది కనుక ఈ కథలో ఆడపిల్ల అనే రాస్తున్నాము.

పూర్వం ఈ వాలు మీద సూయిన్ అనే టీ చేసే స్త్రీ, తన కూతురు లాన్‌తో నివసించేది. ఒక శరత్కాలంలో లాన్‌కు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా నోటికి రుచి తిరిగి రాలేదు. గంజి పెట్టినా, నీళ్లు ఇచ్చినా తల తిప్పుకునేది. బిడ్డ రోజురోజుకూ చిక్కిపోసాగింది. అది గుయ్‌హువా పూసే కాలం. పారిజాతం కాడ రంగులో ఉండే ఆ చిట్టి పూల వాసనంటే లాన్‌కు ప్రాణం. ఆ వాసన టీకి పట్టిస్తే బిడ్డ తాగుతుందని తల్లి ఆశపడింది.

టీ ఆకు మీద పూలు, పూల మీద ఆకు వరుసలుగా పరిచి మూసి ఉంచితే, ఆకు పూల వాసనను పీల్చుకుంటుంది. పిమ్మట పూలను జల్లించి తీసివేసి, ఆకును బొగ్గుల సెగ మీద ఆరబెట్టాలి. సూయిన్‌కు ఇది తెలియని పని కాదు. కానీ పూలు తీసేస్తే వాసన కూడా పోతుందేమోనని ఆమెకు భయం పట్టుకున్నది. తీయకపోగా మరిన్ని పూలు వేసేది. తడి పూలు లోపల వేడెక్కి టీ పులిసిపోయేది. లాన్ ఒక గుక్క తాగి ఉమ్మేసేది.

పొరుగింటి ముసలమ్మ అది చూసి, "టీ చేస్తున్నావా, ఊరగాయ పెడుతున్నావా సూయిన్?" అన్నది.

"నీ పిల్ల కాదు కదా అత్తా, నవ్వుతావు."

"నవ్వడం లేదమ్మా. ఆ పూలు తీసేయమంటున్నాను."

సూయిన్ వినలేదు.

ఒక తెల్లవారుజామున పొయ్యి దగ్గరే ఆమెకు కునుకు పట్టింది. ఈ కొండను కాచే అమ్మవారు కలలో కనిపించి తన చేతి జల్లెడ అందించింది.

"పూలు ఇవ్వవలసినది ఇచ్చేశాయి. ఇంకా ఎందుకు పట్టుకున్నావు?"

"పోతుందేమోనని భయం తల్లీ."

"ఆకుకు పట్టినది ఎక్కడికీ పోదు."

మేల్కొన్న సూయిన్ కొత్తగా పరిచిన ఆకును జల్లించింది. పూలు రాలుతుంటే ఆమె చేతులు వణికాయి. ఆకును సెగకు ఆరబెట్టి, కప్పులో వేసి వేడినీళ్లు పోసి మూత పెట్టింది. కాసేపటికి మూత తీసి, దాన్ని బిడ్డ ముఖం దగ్గర పట్టుకున్నది.

లాన్ కళ్లు తెరిచి, "పూలేవి అమ్మా?" అన్నది.

"తీసేశాను."

"మరి వాసన ఉందే" అంటూ కప్పు అందుకున్నది. ఆ సాయంత్రం తనంతట తానే గంజి అడిగింది.

నేటికీ ఇక్కడి ప్రసాదపు టీలో పూలు కనిపించవు. అందులో పాలు, పంచదార కలపరు. మొదట పోసిన నీటిని వెంటనే వంపేస్తారు. మళ్లీ నీరు పోసి ఆకు విచ్చుకున్నాక, ముందుగా మూత వాసన చూసి, ఆపైన చిన్న గుక్కలుగా తాగాలి. అదే ఆకు మీద మరికొన్నిసార్లు నీరు పోసుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కో తీరుగా రుచి వస్తుంది. మూత బాగా కాలుతుంది కనుక పిల్లలకు పెద్దలే చల్లార్చి ఇవ్వాలి.

బిడ్డ తినడం లేదని దిగులుపడేవారు, బిడ్డను దూరం పంపవలసినవారు ఇక్కడ స్వయంగా జల్లెడ పట్టి, రాలిన పూలను అమ్మవారి పాదాల వద్ద ఉంచుతారు. చివరి పువ్వు రాలిపోయేవరకు ఆపకూడదని నియమం. చేతులు వణికితే పూజారిణి వచ్చి జల్లెడ రెండో అంచు పట్టుకుంటుంది. అలా చేసినవారి పిల్లలు ఎక్కడున్నా వేళకు ఆకలెరిగి తింటారని ఈ కొండ మీద నమ్మకం.