ఊరు లేని కుప్ప

కొత్తమొగ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో, మనిషి మొహమైనా చూడకుండా "మీది ఏ ఊరు?" అని అడిగే మాలకొండయ్య అనే ఉప్పు రైతు ఉండేవాడు. దాహమని వచ్చినవాణ్ణి ఊరడిగేవాడు, దారి అడిగినవాణ్ణి ఊరడిగేవాడు. ఆ అలవాటుకి అతని దగ్గర గట్టి కారణమే ఉండేది లెండి. అక్కడి ఉప్పు మడుల్లో ఒక ఆచారం ఉంది. మడుల్లో తేలిన ఉప్పును లాగి గట్టు మీద ఇంటెత్తు కుప్ప పోస్తారు. వాన తగలకుండా దాని మీద తాటాకులు కప్పి, తాళ్ళతో బిగిస్తారు. ఏ ఊరి ముఠా కప్పితే ఆ ఊరి పేరే కుప్పకు పెడతారు. గొల్లదిన్నె కూలీలు కప్పితే అది గొల్లదిన్నె కుప్ప, రావిగుంట కూలీలు కప్పితే రావిగుంట కుప్ప. కొనడానికి వచ్చే షావుకారు లారీ దిగుతూనే "ఇది ఏ ఊరి కుప్ప?" అని అడిగి, ఆ తర్వాతే ఉప్పు కల్లు నోట్లో వేసుకుని చూసేవాడు.

ఆ ఏడు ఎండలు బాగా కాశాయి. ఉప్పు మల్లెపూవంత తెల్లగా తేలింది. కానీ ముఠాలు రాలేదు. గొల్లదిన్నెవాళ్ళు రొయ్యల కంపెనీకి పోయారు, రావిగుంటవాళ్ళు పట్నంలో మేడలు కట్టే పనికి పోయారు. మాలకొండయ్య, అతని భార్య పోలమ్మ నడుములు పడిపోయేలా లాగి ఎలాగో కుప్ప పోశారు. పోశారు గానీ, అంత కుప్పను ఇద్దరే కప్పడం అయ్యే పనేనా? వాళ్ళ ఏడాది తిండి మొత్తం ఆ కుప్పలోనే ఉంది. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, అంతా కరిగి కాలవలో కలిసిపోతుంది. ఆ దిగులుతో మాలకొండయ్య టీ కొట్టు దగ్గర కూర్చుని, లోకంలో మనుషులు కరువైపోయారని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకుని వాపోయేవాడు.

విడ్డూరం చూడండి, ఆ టీ కొట్టుకు ఎదురుగా సంతపాకల్లో బోలెడంతమంది మనుషులు ఖాళీగా కూర్చుని ఉండేవాళ్ళు. వాళ్ళది ఏటి మధ్య లంక. వరదకు లంక కోసుకుపోయి, ఇళ్ళూ వాకిళ్ళూ అన్నీ నీళ్ళపాలయ్యాయి. అప్పట్నుంచి పని వెతుక్కుంటూ తిరిగి తిరిగి ఇక్కడికి చేరారు. సంత లేని రోజుల్లో ఆ పాకల కింద పడుకునేవాళ్ళు. సంత రోజున మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నిలబడేవాళ్ళు.

వాళ్ళలో పెద్దది వరాలమ్మ. ఆమె ఒకనాడు మడుల దగ్గరికి వచ్చి, కుప్ప కప్పే పని తమకు ఇమ్మని అడిగింది. మాలకొండయ్య అలవాటు ప్రకారం ఊరడిగాడు.

"మా ఊరు ఏట్లో కలిసిపోయిందయ్యా," అంది వరాలమ్మ.

ఇంకేముంది, మాలకొండయ్య చెవులు మూసుకున్నంత పని చేశాడు. ఉప్పుకు నీళ్ళే కదా పగ! "నీళ్ళల్లో కలిసిన ఊరి పేరు తెచ్చి ఉప్పు కుప్పకు పెట్టమంటావా? ఆ పేరు వింటే వాన రాకుండా ఉంటుందా?" అన్నాడు. అంతటితో ఆగాడా, ఊరూ పేరూ లేనివాళ్ళను తన గట్టు ఎక్కనివ్వనని కూడా అనేశాడు.

"పేరుందయ్యా, వరాలమ్మ," అని చెప్పి ఆమె వెనక్కి తిరిగింది. పోలమ్మకు ఒళ్ళు మండింది. పేరు కోసం చూసుకుంటే ఉప్పే మిగలదని మొగుడికి నచ్చజెప్పబోయింది. అతను తల తిప్పుకున్నాడు.

ఏ పేరూ పెట్టకుండానే వాన వచ్చింది. సంత రోజు మధ్యాహ్నం సముద్రం వైపు ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. గాలి చల్లగా తిరిగింది. మాలకొండయ్య మోపెడ్ తీసి ఊళ్ళోకి ఉరికాడు. ఎవరి కుప్పల మీద వాళ్ళు ఎక్కి ఉన్నారు, పలికేవాడే లేడు. గొల్లదిన్నె మేస్త్రికి ఫోన్ చేస్తే, వచ్చే వారం చూద్దాంలే అన్నాడు. వారమట! అవతల మబ్బు తరుముకొస్తుంటే వారమట!

ఉసూరుమంటూ తిరిగి వస్తుంటే సంతపాకల ఎదుట లంకవాళ్ళు మూటలతో నిలబడి కనిపించారు. మాలకొండయ్య మొహం చెల్లక తల వంచుకుని ముందుకు పోయాడు. కొంత దూరం పోయాక ఉరుము వినబడింది. బండి గిర్రున వెనక్కి తిప్పాడు.

"వరాలమ్మా, వస్తారా?" అన్నాడు.

వరాలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఊరడగనంటే వస్తాం," అంది.

అంతే! మూటలతో సహా అందరూ మడుల వైపు పరుగు అందుకున్నారు. మగవాళ్ళు తాటాకు మోపులు విప్పుతుంటే ఆడవాళ్ళు అందించారు. ఒకరు కింద నుంచి విసిరితే ఒకరు పైన పట్టారు. పోలమ్మ తాళ్ళు అందిస్తూ గట్టు పొడుగునా పరిగెత్తింది. సగం కుప్ప మూసేసరికి గాలి విజృంభించింది. కప్పిన ఆకు కప్పినట్టే లేచిపోతోంది, తాడు వేసే సందు కూడా ఇవ్వడం లేదు. మాలకొండయ్య రెండు చేతుల్తో ఒక ఆకు పట్టుకుంటే పక్క ఆకు ఎగిరింది. బరువు పెడదామంటే ఆ మడుల్లో వెతికినా రాయి దొరకదు. ఇక అయిపోయింది, ఏడాది కష్టం నీళ్ళపాలేనని అతను నిలువునా కూలబడ్డాడు.

అప్పుడు వరాలమ్మ తన మూట తీసి కుప్ప నెత్తిన పెట్టింది. అందులో ఆమె చీరలున్నాయి, రెండు గిన్నెలున్నాయి, నూకలున్నాయి. ఆమెకు ఉన్నదంతా అదే. అది చూసి తక్కినవాళ్ళూ తమ మూటలు పైకి విసిరారు. ఆకు అణిగింది. అణగడమే ఆలస్యం, తాళ్ళు ఇటు నుంచి అటు పడ్డాయి, ముడులు బిగిశాయి. ఆఖరి ముడి బిగిసిందో లేదో, వాన దబదబా దంచింది!

కుప్ప ఇంచు కూడా కదల్లేదు. మాలకొండయ్య ఆకు కింద చెయ్యి పెట్టి చూశాడు. ఉప్పు పొడిగా గలగలలాడింది. ఆనందం పట్టలేక వానలోనే చిన్నపిల్లాడిలా గంతులేశాడు. పోలమ్మ మాత్రం నవ్వలేదు. కుప్ప మీద మూటలు తడిసి ముద్దవుతున్నాయి. నూకలు నానిపోయి ఉంటాయి. మూటల మనుషులు గట్టు మీద వణుకుతూ నిలబడ్డారు.

"ఏమయ్యా, ఉప్పుకు ఇల్లు కట్టించుకున్నావు," అంది ఆమె. "కట్టినవాళ్ళు ఎక్కడికి పోవాలి?"

మాలకొండయ్యకు ఆ మాట సూటిగా తగిలింది. మడుల పక్కనే అతనిది పెంకులు కప్పిన కొట్టుగది ఒకటి ఉంది. పనిముట్లు పెట్టుకోవడానికి తప్ప తాళం వేసి ఊరికే ఉండేది. మొలతాడుకున్న తాళంచెవి విప్పి వరాలమ్మ చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం పోలమ్మ అందరికీ పెద్ద గిన్నెతో అన్నం వండింది.

వానలు తెరిపి ఇచ్చి, మడుల్లో మళ్ళీ ఉప్పు తేలాక షావుకారు వచ్చాడు. చుట్టుపక్కల సగం కుప్పలు కరిగి కూలిపోయి ఉన్నాయి. ఈ ఒక్కటి మాత్రం నిటారుగా నిలబడి ఉంది. అతను లారీ దిగుతూనే ఎప్పటిలాగే అడిగాడు.

"మాలకొండయ్యా, ఇది ఏ ఊరి కుప్ప?"

మడిలో ఉప్పు లాగుతున్న వరాలమ్మ చెయ్యి ఆగిపోయింది. తల వంచుకుని అలాగే నిలబడింది. మాలకొండయ్య ఆమె వైపు చూశాడు, పొగ వస్తున్న పెంకుల కొట్టు వైపు చూశాడు.

"కొత్తమొగ కుప్ప," అన్నాడు గట్టిగా. "కప్పింది మా ఊరివాళ్ళే."

షావుకారు ఉప్పు కల్లు నోట్లో వేసుకుని బాగుందన్నాడు. వరాలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ ఉప్పు లాగసాగింది. ఆ రోజు నుంచి మాలకొండయ్య కొత్తగా వచ్చినవాళ్ళను ఊరడగడం మానేసి, అన్నం తిన్నారా అని అడగడం మొదలుపెట్టాడు.

నీతి: పనికి మనుషులు లేరని వాపోయేవాడు ముందు తన ఎదుట ఉన్న మనుషుల్ని చూడాలి, వాళ్ళ కష్టం కావాలంటే వాళ్ళకు ఊళ్ళో చోటు కూడా ఇవ్వాలి.