నూట ఎనిమిది కాసులపేరు

అనగనగా హేమకేతుడని ఒక రాజుగారు. ఆయనకి ముగ్గురు కొడుకులు, ఒక పిచ్చి. దేవుడి బొమ్మ ఉన్న బంగారు కాసు కనిపిస్తే చాలు, అది తనదై తీరాలి. ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు అలాంటి కాసులు అమ్మేవాడు. వాడి చిలక ఒక్కోటీ ముక్కున కరుచుకొచ్చేది. రాజు కాసుని కళ్ళకద్దుకుని, బెజ్జం వేయించి, దారానికి గుచ్చేవాడు. అలా నూట ఐదు పోగయ్యాయి. నూట ఎనిమిదీ అయితేగాని మెళ్ళో వేసుకోనని పట్టు.

"మిగతా మూడూ కావాలంటే నీ కొడుకుల్నే పంపాలట," అంది చిలక.

పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిలక లక్ష్మీదేవి కాసు తెచ్చి, "మీవాడు అక్కడ సుఖంగా ఉన్నాడు," అంది. రాజు నమ్మాడు. కాసు చేతికొచ్చాక నమ్మక ఏం చేస్తాడు, పిల్లలూ? రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిలక నరసింహస్వామి కాసు తెచ్చింది. రాజు దానికీ బెజ్జం వేయించాడు. రాణి అన్నం మానేసింది.

అమ్మ ఏడుపు చూడలేక మూడోవాడు జయకేతుడు బయల్దేరాడు. ఏడో సముద్రం ఒడ్డున వలలో చిక్కిన కొంగని విడిపించాడు.

"బాబూ, ఆ మాంత్రికుడు మనుషుల్నే కాసులు చేస్తాడు," అంది కొంగ. "వాడి ప్రాణం చిలకలో ఉంది. కాసు మోసుకెళ్ళేటప్పుడు తప్ప అది వాడి భుజం దిగదు."

"అయితే నేనూ కాసునవుతాను. నువ్వు ముందుగా పోయి మా అమ్మకి ఈ మాట చెప్పు. కాసు వైపు చూడొద్దను, చిలకని పట్టుకోమను," అని జయకేతుడు మాంత్రికుడి గుమ్మం తొక్కాడు.

చిలక వచ్చింది. రాజు కాసు అందుకున్నాడు, రాణి చిలకని పట్టుకుంది.

"ఇవి కాసులు కావండీ, మన పిల్లలు," అంది.

"ఈ ఒక్కటీ గుచ్చనీ, తర్వాత చూద్దాం," అన్నాడు రాజు.

రాణి చిలక మెడ విరిచేసింది.

అక్కడ మాంత్రికుడు కూలాడు. ఇక్కడ కాసులపేరు తెగి, నూట ఎనిమిదిమంది లేచి నిలబడ్డారు. జయకేతుడికి తప్ప అందరికీ భుజాన బెజ్జం. పెద్దకొడుకు తన కాళ్ళకి దణ్ణం పెడుతుంటే, ఆ గాయం చూసి రాజు గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

వాళ్ళలో మందారవల్లి అనే రాజకుమారి ఉంది. పదేళ్ళు అమ్మవారి కాసుగా ఆ దారానికి వేలాడింది. "నా మెడకి బంగారం వద్దు," అంది. జయకేతుడు పసుపుకొమ్ము కట్టి ఆమెని పెళ్ళాడాడు. ఇద్దరూ చాలాకాలం చల్లగా రాజ్యమేలారు.

ముసలిరాజు బతికినన్నాళ్ళూ రోజూ పొద్దున్నే ఇద్దరు కొడుకుల భుజాలకీ పసుపు రాసేవాడు. ఆ బెజ్జాలు పూడలేదు.